అప్‌డేట్: ఎస్‌పీఎఫ్ 50 రాస్తున్నా బుగ్గలు నల్లబడుతున్నాయి (కారణం దొరికింది)

ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ స్కూటీ, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాస్తున్నా బుగ్గలు రెండూ నల్లబడుతున్నాయని మార్చిలో అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. టింటెడ్‌కి (చర్మపు రంగు కలిపిన సన్‌స్క్రీన్‌కి) మారమన్నవాళ్ల మాటే నిజమైంది.

స్కిన్ డాక్టర్ వుడ్స్ ల్యాంప్‌తో (చర్మాన్ని పరీక్షించే యూవీ దీపంతో) చూసి ఇది ట్యాన్ కాదు, మంగు అన్నారు. అంటే మెలాస్మా. దీన్ని యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది. రంగులేని సన్‌స్క్రీన్లు ఆ వెలుతురుని పెద్దగా ఆపవు. ఐరన్ ఆక్సైడ్లు ఉన్న టింటెడ్ రకం చాలావరకు ఆపుతుంది. కొనేముందు వెనకాల పదార్థాల జాబితాలో ఆ పేరు చూసుకోండి, ఒట్టి లేతరంగు చూసి మోసపోవద్దు.

రెండో తప్పు కొలత. డబ్బా మీది 50 అనేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి తేల్చిన లెక్క. శనగగింజంత రాస్తే అందులో కొంతే దక్కుతుంది. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా గీతలు, బయలుదేరే 15 నిమిషాల ముందు. స్కార్ఫ్ ఒరుసుకుని, చెమటకి పోతుంది కాబట్టి సాయంత్రం తిరుగు ప్రయాణానికి మళ్లీ.

కారణమేమో అనుకున్న బోరు నీళ్లకీ హెల్మెట్ ప్యాడ్‌కీ దీంతో సంబంధం లేదట. నిమ్మరసం మాత్రం మంటపెట్టి మంగుని ముదిరిస్తుంది, మానేశాను.

రాత్రిళ్లు డాక్టర్ రాసిచ్చిన 20% అజెలాయిక్ యాసిడ్ క్రీమ్. 12 వారాలకి అంచులు పలచబడ్డాయి, మధ్యలో ఇంకా ఉంది.