నవంబర్ 1 లోపే కార్నెల్‌కి అప్లికేషన్ పెట్టాలా, ఆగాలా?

మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదవాలని దాని పట్టుదల. ఎర్లీ డెసిషన్‌లో, అంటే ముందుగానే అప్లై చేసే పద్ధతిలో, పెడతానంటోంది, గడువు నవంబర్ 1.

నా భయమల్లా ఆ సంతకం గురించే. సీటొస్తే చేరి తీరాలి, మిగతా చోట్ల పెట్టినవి వెనక్కి తీసుకోవాలి. పిల్ల, నేను, కాలేజీ తరఫున ఒకరు, ముగ్గురం ఒప్పుకొని సంతకం పెట్టాలి. ఖర్చేమో ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతోంది, నాదేమో చిన్న హార్డ్‌వేర్ షాపు. వాళ్ళిచ్చే ఆర్థిక సాయం చాలకపోతే తప్పుకోవచ్చు, నిజమే. కానీ విదేశీ పిల్లలు సాయం అడిగితే అది కూడా సెలక్షన్‌లో లెక్కకొస్తుంది. అక్కడిదే ఇంకో యూనివర్సిటీ యేల్ అలా చూడదు, ముందుగా పెట్టినా చేరాలన్న కట్టుబాటూ లేదు. కాకపోతే అక్కడ ఎర్లీ పెడితే కార్నెల్‌కి ఎర్లీ కుదరదు.

మా అమ్మాయి కాలేజీలో ఈ అప్లికేషన్లకి దారి చూపే కౌన్సిలర్ అనే మనిషే లేరు. ప్రిన్సిపాల్ గారు "ఎన్‌ఐటీ పక్కనే ఉండగా అమెరికా ఎందుకండీ" అన్నారు. ఆ మాటా తీసిపారేయలేను. జనవరిలో జేఈఈ మెయిన్, ఈ అప్లికేషన్ వ్యాసాల గోలలో అదీ పోతుందేమోనని మా ఆవిడకి టెన్షన్.

మీలో ఎవరి పిల్లలైనా సాయం చాలక ఎర్లీ డెసిషన్ నుంచి బయటికొచ్చారా? ఎంత ఇబ్బంది పడ్డారు? ఇంకోటి, సాయం కోసం ఇంటి ఆదాయం, ఆస్తులు చూపించే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ ఫారంలో షాపు ఆదాయం, పరకాల దగ్గరున్న రెండెకరాల పొలం ఎలా చూపించాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.