ఆఫ్టర్‌మార్కెట్ డిజైన్, పెర్ఫార్మెన్స్ ఇంజనీరింగ్ ఉద్యోగాలకు ఏం నేర్చుకోవాలి?

గోదారి_మెకానికల్
బీటెక్ మెకానికల్ మూడో ఏడు. సాలిడ్‌వర్క్స్ బాగా వచ్చు. ఆఫ్టర్‌మార్కెట్ పార్టులు (బండి కొన్నాక విడిగా కొని బిగించుకునేవి) డిజైన్ చేసే కంపెనీలో గానీ రేసింగ్ టీములో గానీ చేరాలంటే ఇప్పటి నుంచి దేని మీద కూర్చోవాలి? రెండర్లతో (కంప్యూటర్‌లో తీసిన డిజైన్ బొమ్మలతో) పోర్ట్‌ఫోలియో పెడితే సరిపోతుందా?

కాలిపర్
సరిపోదు తమ్ముడూ. పది రెండర్ల కన్నా బండికి బిగించి, కొలిచి చూపించిన ఒక్క పార్టు మేలు. ఎయిర్ ఇన్‌టేక్‌తో, అంటే ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే పైపుతో మొదలుపెట్టు, ఖర్చు తక్కువ. 3డీ స్కాన్ ఇచ్చే మెష్‌లో (కంప్యూటర్ ఆకారంలో) అంచులు గుండ్రబడిపోతాయి, అందుకని బోల్టు రంధ్రాల మధ్య దూరం దాని నుంచి తీసుకోకు, కాలిపర్‌తో కొలువు. చుట్టూ ఖాళీ ఎంతుందో చూసుకోవడానికే స్కాన్. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో 3డీ ప్రింట్ తీసి ఫిట్టింగ్ చూసుకోవచ్చు గానీ దాంతో బండి నడపకు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి వంగిపోతుంది. ఇంకోటి, ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతూ ఉంటుంది. పైపుని అటు ఇంజిన్‌కీ ఇటు బాడీకీ గట్టిగా బిగిస్తే బ్రాకెట్ వెల్డు దగ్గర పగులుతుంది. మధ్యలో సిలికాన్ హోసు ముక్క పెట్టాలి.

లాంబ్డా_వన్
కాలిపర్ గారు చెప్పినదానికి ఒకటి కలపాలి. ఎమ్ఏఎఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండిలో పైపు వ్యాసం మార్చారంటే కాలిబ్రేషన్ మార్చినట్టే. సెన్సర్ ఉన్నచోట 70 మి.మీ. పైపు తీసి 76 వేస్తే లోపలి వైశాల్యం దాదాపు 18 శాతం పెరుగుతుంది. వెళ్లే గాలి అంతే అయినా దాని వేగం తగ్గుతుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) 15 శాతం తక్కువ గాలి వచ్చిందనుకుని ఆ మేరకే పెట్రోల్ కొడుతుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆ సర్దుబాటు పూర్తిగా అందదు, మిశ్రమం లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోల్ లేక) నాకింగ్, అంటే ఇంజిన్‌లో అదుపు తప్పి మండటం మొదలవుతుంది. కుర్రాళ్లు ఇంజిన్లు పాడుచేసుకునేది ఇక్కడే. సెన్సర్ స్కేలు తిరిగి రాయాలి, లేదా సెన్సర్ దగ్గర పాత వ్యాసమే ఉంచాలి.

వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్టులో ఆక్సిజన్ చూసి గాలి-పెట్రోల్ నిష్పత్తి చెప్పే గేజీ) చదవడం కూడా నేర్చుకోండి. మిస్‌ఫైర్ అయితే కాలని ఆక్సిజన్ బయటికొచ్చి గేజీ లీన్ చూపిస్తుంది. అది నమ్మి ఇంకా పెట్రోల్ పెంచితే ప్లగ్గు తడిసి మిస్‌ఫైర్ ఎక్కువవుతుంది. ముందు స్పార్కు చూడాలి. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్టు లీకున్నా ఇదే తప్పు రీడింగు.

గోదారి_మెకానికల్
థాంక్స్ అన్నా. కాలేజీలో ఫార్ములా భారత్ (విద్యార్థులే రేసు కారు కట్టి పోటీపడేది) టీము ఉంది. ఏ విభాగంలో చేరితే మంచిది?

స్ప్రింగ్_రేట్
సస్పెన్షన్. ఆ పోటీలో పెట్రోల్ కార్లకు గాలి మొత్తం 20 మి.మీ. రెస్ట్రిక్టర్ (గాలిని తగ్గించే ఇరుకు గొట్టం) గుండానే పోవాలి. సెకనుకు సుమారు 70 గ్రాములు దాటాక ఇంజిన్‌ని ఎంత తిప్పినా గాలి పెరగదు. టైరు పట్టు మీద చేసే పనికి అలాంటి మూత లేదు.

ఇంటర్వ్యూల్లో తరచూ తగిలే లెక్క ఒకటి: 40 న్యూటన్/మి.మీ. స్ప్రింగు, మోషన్ రేషియో (చక్రం కదిలినదానిలో స్ప్రింగు కదిలే వంతు) 0.7. వీల్ రేటు (చక్రం దగ్గర తెలిసే స్ప్రింగు గట్టిదనం) ఎంత? 28 అంటే తప్పు. బలమూ తగ్గుతుంది, స్ప్రింగు కదలికా తగ్గుతుంది కాబట్టి రేషియోని వర్గం చేయాలి: 19.6. ఆ 0.7ని క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్) నుంచి తీసుకుని ఊరుకోవద్దు. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని 10 మి.మీ. చొప్పున జాకీతో లేపుతూ, ప్రతిసారీ డ్యాంపర్ పొడవు కొలిచి రాసుకోండి. చక్రం పైకి వెళ్లేకొద్దీ రేషియో మారడం కనిపిస్తుంది. ఆ కాగితం ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.

సెక్షన్_52
ఉద్యోగం ఎక్కడ వెతకాలన్నది చట్టాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా రోడ్డు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాబట్టి టర్బో కిట్ల మీద కెరీర్ కట్టుకోవద్దు. యాక్సెసరీలు, కోయంబత్తూరు, చెన్నై ట్రాకుల మీద నడిచే రేసింగ్ టీములు, పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థలు చూడండి.

అమెరికాలో ఎమ్మెస్ ఆలోచన ఉంటే నార్త్ కరోలినాలోని షార్లెట్ వైపు చూడొచ్చు, నాస్కార్ (అమెరికా కార్ రేసింగ్) టీములు చాలావరకు ఆ చుట్టుపక్కలే. అక్కడా నియమాలు లేకపోలేదు. ఉద్గారాల మీద ప్రభావం చూపే పార్టుని కాలిఫోర్నియాలో రోడ్డు బండికి అమ్మాలంటే కార్బ్ (ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు) ఇచ్చే ఈఓ నంబరు, అంటే అనుమతి ఉత్తర్వు నంబరు కావాలి. పైన కాలిపర్ గారు చెప్పిన ఇన్‌టేకూ ఆ జాబితాలోదే.