స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగితే స్టెరాయిడ్ ఆపాలా, ఇన్సులిన్ తీసుకోవాలా?

ఉప్పల్ వాసి:
మా అమ్మకు 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ బిళ్లతో నెట్టుకొస్తోంది. నెల క్రితం నోట్లో, వీపు మీద పొక్కులు లేస్తే పెంఫిగస్ అనే చర్మ జబ్బు అన్నారు. రోజూ పొద్దున ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల 40 మి.గ్రా. ఇస్తున్నాం. పొక్కులు మానుతున్నాయి. పరగడుపు షుగర్ 124, మధ్యాహ్నం తిన్నాక 312. డాక్టర్ ఇన్సులిన్ రాశారు. "పరగడుపున బాగానే ఉందిగా, ఇన్సులిన్ ఎందుకు? మొదలుపెడితే జన్మంతా వదలదు. స్టెరాయిడ్ ఆపేయండి" అంటున్నాడు మా మేనమామ. ఎవరి మాట వినాలి?

తార్నాక:
మీ మామయ్య మాటే సరైంది. 2021లో చూశాం కదా, కరోనాకు స్టెరాయిడ్లు వాడినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి ఎలా వచ్చారో. మా బాబాయి కూడా అక్కడే ఉన్నాడు. ఆపేయండి, లేదంటే కనీసం సగానికి తగ్గించేయండి.

కూకట్‌పల్లి అక్క:
తార్నాక అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ షుగర్‌ను గాలికొదిలేసి స్టెరాయిడ్ వాడటం వేరు, షుగర్‌ను పట్టుకుంటూ వాడటం వేరు. వారాల తరబడి బిళ్ల వేసుకుంటే మన అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) చేయడం తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి ఇంట్లో ఎవరూ ఆ పని చేయకండి.

తమ్ముడూ, ఆ 124ని చూసి మోసపోవద్దు. మేం మోసపోయాం. మా వారికి కిడ్నీ జబ్బుకు ఇదే బిళ్ల. మూడు వారాలు పొద్దున మాత్రమే చూసి 110, 115 అని నోటుబుక్‌లో రాసుకున్నాం. ఆయనేమో రాత్రి నాలుగుసార్లు లేచేవారు, నోరెండిపోయేది. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి వేలు గుచ్చి చూస్తే 372! పొద్దున వేసిన ప్రెడ్నిసలోన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా షుగర్‌ను లేపుతుంది, తెల్లారేసరికి దాని జోరు తగ్గుతుంది. అందుకే పొద్దున పూట, పగలంతా పనిచేసే ఎన్‌పీహెచ్ రకం ఇన్సులిన్ రాశారు. పాలలా తెల్లగా ఉంటుంది, సీసాను అరచేతుల మధ్య దొర్లించి కలిపేదాన్ని.

అసలు జాగ్రత్త పడాల్సింది స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు. 40 నుంచి 20కి దించారు, ఇన్సులిన్ కూడా తగ్గించాలని మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు సాయంత్రం ఏడింటికి చొక్కా తడిసిపోయేంత చెమట, చేతులు వణుకు, మాట తడబడింది. చూస్తే 54. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకు 88. ఆ పావుగంట నేను ఇప్పటికీ మర్చిపోలేను. స్టెరాయిడ్ మార్చిన ప్రతిసారీ "మరి ఇన్సులిన్ ఎంత?" అని అడగండి.

ఆ బిళ్లలు పూర్తయ్యాక మా వారికి ఇన్సులిన్ కూడా ఆపేశారు. అందరికీ అలా కుదురుతుందని అనను. జన్మంతా అన్నది మాత్రం మా ఇంట్లో నిజం కాలేదు.

తార్నాక:
ఆపేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. అయినా 40 మి.గ్రా. నెలల తరబడి అంటే నేను ఒప్పుకోను. పెంఫిగస్‌కు అజాథయోప్రిన్, రిటుక్సిమాబ్ లాంటి వేరే మందులు ఉన్నాయి, వాటితో స్టెరాయిడ్ త్వరగా దించొచ్చు. ఉప్పల్ తమ్ముడూ, ఆ సంగతి గట్టిగా అడుగు.

కూకట్‌పల్లి అక్క:
ఇది మంచి మాట.

ఉప్పల్ వాసి:
సాయంత్రం ఐదింటికి చూశాం, 326. మామయ్యకు మీటర్ చూపించాను, ఏమీ అనలేదు. రేపు పొద్దున మొదటి సూది. అమ్మ భయపడుతోంది, నేనే పక్కన కూర్చుని వేస్తాను.