ఎడమ ముందు సెన్సర్ మార్చినా ఏబీఎస్ లైట్ ఆరడం లేదు

పాడేరు_ఘాట్: పొద్దున్నుంచి బండి కిందే పడుకుని ఉన్నాను, ఇక ఓపిక లేదు. ఏబీఎస్ లైట్ వెలుగుతోంది. స్కానర్ పెడితే ఎడమ ముందు చక్రం సెన్సర్ అంటోంది. కొత్తది వేశాను. కోడ్ తుడిచేస్తే లైట్ పోతుంది, రోడ్డెక్కితే మళ్లీ వస్తుంది. కప్లర్ శుభ్రం చేశాను, వైరు చూశాను, అంతా బాగానే ఉంది. మెకానిక్ ఇంకో సెన్సర్ కొనమంటున్నాడు. డబ్బులేమైనా చెట్టుకు కాస్తున్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

స్పానర్14: ఏ బండి. ఏ సంవత్సరం. కోడ్ ఎంత.

పాడేరు_ఘాట్: పాత ఫోర్ బై ఫోర్ అండి, డీజిల్, 2008. కంపెనీ పేరు చెబితే ‘ఆ బండి ఎవరు కొనమన్నారు’ అని మొదలుపెడతారు, అందుకే రాయలేదు. కోడ్ ‘సీ’తో మొదలైంది, అంకెలు రాసుకోలేదు.

స్పానర్14: అంకెల్లేకుండా ఏం చెప్పమంటారు.

రాళ్లదారి: తమ్ముడూ, ఆ లైట్ గురించి అంత టెన్షన్ ఎందుకు? అసలు ఆఫ్‌రోడ్ బండికి ఏబీఎస్ దండగ. గులకరాళ్ల మీద, ఇసుకలో చక్రం లాక్ అయితేనే దాని ముందు మట్టి మేటవేసి బండిని ఆపుతుంది. ఏబీఎస్ ఆ లాక్ కానివ్వదు, బండి అలా జారుకుంటూ పోతుంది. నేనైతే అడవిలోకి దిగేముందు ఫ్యూజు పీకేస్తాను. పాతరోజుల్లో ఇవేమీ లేకుండానే కొండలెక్కాం.

మల్టీమీటర్: రాళ్లదారి గారూ, గులకరాళ్ల మాట నిజమే. కానీ ఆయన దిగేది ఘాట్ రోడ్డు, అదీ వానలో తడిసిన తారు. మలుపులో గట్టిగా బ్రేక్ తొక్కినా స్టీరింగ్ మాట వినాలంటే ఏబీఎస్ కావాలి. పైగా చాలా బండ్లలో ముందూ వెనకా బ్రేకు పంచే పని కూడా ఏబీఎస్‌ను నడిపే ఆ మాడ్యూల్‌దే. దాన్ని పడుకోబెడితే వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఫ్యూజు పీకమని సలహా ఇవ్వకండి.

రాళ్లదారి: నేను పీకమనలేదు. పీకుతాను అన్నాను.

మల్టీమీటర్: సరే. పాడేరు గారూ, ఒక్కటి చెప్పండి. కోడ్ తుడిచాక తాళం తిప్పగానే లైట్ వెలిగి అలాగే ఉండిపోతోందా, లేక ఆరిపోయి బండి కదిలాక వెలుగుతోందా? అలాగే ఉండిపోతే వైరు తెగడమో, లోపల కాయిల్ పోవడమో. కదిలాక వస్తే సిగ్నల్ మీద అనుమానపడాలి. పాత రకం సెన్సర్‌లో అయస్కాంతం, కాయిల్ ఉంటాయి, ఓమ్స్‌లో వెయ్యికి అటూఇటూ చూపిస్తుంది. కరెంటు అందితేనే పనిచేసే కొత్త రకం అయితే ఓమ్‌మీటర్ పెట్టొద్దు, పాడయ్యే ప్రమాదం ఉంది.

పాడేరు_ఘాట్: ఆరిపోతుంది, కాస్త దూరం వెళ్లాక వస్తుంది. పాత రకమే, 1.1 కిలో ఓమ్స్ చూపించింది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, నకిల్ దగ్గర వైరు వంచి చూసినా రీడింగ్ మారలేదు.

మల్టీమీటర్: అయితే వైరును వదిలేయండి. టోన్ రింగ్ చూడాలి, అదే చక్రంతో పాటు సెన్సర్ ఎదురుగా తిరిగే పళ్ల రింగ్, ఆ పళ్లను బట్టే వేగం తెలుస్తుంది. తుప్పుతో పొంగినా, పగిలినా ఇదే గొడవ. హబ్ బేరింగ్ ఆడుతున్నా సెన్సర్‌కూ రింగ్‌కూ మధ్య గ్యాప్ మారిపోతుంది. స్కానర్ లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగాలు చూడండి.

వర్క్‌షాప్_బాబాయ్: దాన్ని టోన్ రింగ్ అనరు, రిలక్టర్ అంటారు. పార్టు నంబరు అడిగేటప్పుడు సరిగా అడగకపోతే షాపువాడు ఇంకేదో చేతిలో పెడతాడు.

మల్టీమీటర్: బాబాయ్, రెండూ ఒకటే. కౌంటర్లో ఏ పేరు అడిగినా ఇస్తారు.

వర్క్‌షాప్_బాబాయ్: మీ ఊళ్లో ఇస్తారేమో.

స్పానర్14: పళ్ల చక్రం అనండి. గొడవ వదిలిపోతుంది.

పాడేరు_ఘాట్: లైవ్ డేటా చూశాను. మిగతా మూడూ 30 అంటుంటే ఎడమ ముందుది 27, 28 మధ్యే ఉంటోంది. ఎక్కడా సున్నాకి పడిపోవడం లేదు.

టైర్ల_పిచ్చి: ఎడమ ముందు ఒక్కటే కొత్త టైరు వేశారా? కొత్త టైరు కాస్త పెద్దది, మెల్లగా తిరుగుతుంది. అందుకే నేను ఎప్పుడూ జతగానే మారుస్తాను. గాలి కూడా చూసుకోండి, ఎవరూ పట్టించుకోరు.

మల్టీమీటర్: కొత్త టైరుకూ అరిగినదానికీ తేడా ఒకటి రెండు శాతం. ఇక్కడ ఎనిమిది దాకా ఉంది. సెన్సర్ బాగుంది, చక్రమే అబద్ధం చెబుతోంది. ఆ వైపు డ్రైవ్ షాఫ్ట్ గానీ, హబ్ గానీ ఎప్పుడైనా మార్చారా?

పాడేరు_ఘాట్: ఆ, షాఫ్టు మీది రబ్బరు బూట్ చిరిగి గ్రీజు అంతా పోతే పోయిన వానాకాలంలో షాఫ్టే మార్పించాను. ఆటోనగర్ నుంచి తెప్పించాం, వాడినదే కానీ బాగుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్పానర్14: ఇప్పుడా చెప్పేది.

మల్టీమీటర్: ఉంది! ఆ పళ్ల చక్రం షాఫ్టు చివరి కప్పు మీదే బిగించి ఉంటుంది. అదే బండిలో వేరే వేరియంట్ షాఫ్టు కూడా చక్కగా కూర్చుంటుంది, కానీ పళ్లు 48 ఉండాల్సిన చోట 44 ఉన్నాయనుకోండి, మాడ్యూల్ ఆ చక్రం మెల్లగా తిరుగుతోందనుకుంటుంది. 30కి 27.5 అవుతుంది, మీ అంకె అక్కడే ఉంది. లెక్కపెట్టడం తేలికే. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఎడమకి జాకీ, స్టాండు వేసి, న్యూట్రల్లో పెట్టండి. సెన్సర్ ఊడదీస్తే ఆ రంధ్రంలోంచి ఒక్కో పన్నూ కనిపిస్తుంది. టైరు మీద సుద్దతో గీత గీసి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పుతూ లెక్కపెట్టండి. తర్వాత కుడివైపు కూడా.

వర్క్‌షాప్_బాబాయ్: రిలక్టర్ ఒక్కటే విడిగా దొరికితే పాతది పీకి వేడి చేసి ఎక్కించవచ్చు. మేమైతే అలాగే చేస్తాం. షాఫ్టంతా మార్చక్కర్లేదు.

రాళ్లదారి: ఫ్యూజు ఒక్కటి పీకితే ఇంత కథ ఉండేది కాదు.

పాడేరు_ఘాట్: ఎడమ 44, కుడి 48. షాఫ్టు తెచ్చినాయన ఫోన్ ఎత్తడం లేదు. బాబాయ్ చెప్పినట్టు రింగ్ కోసం చూస్తాను. థాంక్స్ అండి అందరికీ.

కొత్తగా_చేరా: అన్నా, నాదీ ఇదే సమస్య, కాకపోతే వెనక కుడి. బండిలో వేరే ఏమీ మార్చలేదు. ఎవరైనా చెప్పగలరా?

స్పానర్14: ఏ బండి. ఏ సంవత్సరం. కోడ్ ఎంత.