మనసు బాగోలేనప్పుడు మందు: ఆడా మగా తేడా ఎక్కడుంది?

చుక్కలలెక్క: దిగులుంటే మందు (మద్యం) ఎక్కువ తాగుతారని అందరూ అనేస్తారు. ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఇది ఒకటేనా? మూడ్ డైరీ, అంటే రోజూ మూడ్‌నీ తాగుడునీ రాసుకునే పుస్తకం, రాయించేవాళ్లు ఏమేం రాయమంటారు? కబుర్లొద్దు, కొలతలు చెప్పండి.

తెల్లకాగితం: ముందు ఆ మాట మీదే నాకు పేచీ ఉంది. రోజువారీ డైరీ అధ్యయనాలెన్నో కలిపి చూసిన 2023 విశ్లేషణలో, మూడ్ పాడైన రోజున జనం ఎక్కువ తాగుతారని తేలలేదు. హుషారుగా ఉన్న రోజునే ఎక్కువ తాగారు. అందుకని మూడ్ కన్నా తాగే కారణం చూడాలి: మజా కోసమా, నలుగురితో కలవడానికా, వద్దంటే ఏమనుకుంటారోననా, బాధ మర్చిపోవడానికా? చిక్కంతా ఈ చివరిదానితోనే. ఇలా తాగేవాళ్లకి మోతాదు మిగతావాళ్లంతే అయినా సమస్యలు ఎక్కువ.

గాజుగ్లాసు: తేడా సంగతి. డిప్రెషన్, తాగుడు రెండూ ఉన్న ఆడవాళ్లలో తరచూ డిప్రెషన్ ముందొస్తుంది, మగవాళ్లలో తరచూ తాగుడే ముందు. మామూలుగా అప్పుడప్పుడూ తాగేవాళ్లతో చేసిన ఒక ప్రయోగంలో, వాళ్లకి ఒత్తిడి కలిగించిన సంఘటననే మళ్లీ ఊహించుకోమన్నారు. దిగులు, ఆందోళన ఆడవాళ్లలోనే ఎక్కువ పెరిగాయి. కానీ ఆ ఉద్వేగం తాగాలన్న కోరికతో ముడిపడింది మగవాళ్లలో. "ఆడవాళ్లు సున్నితం, అందుకే తాగుతారు" అనేవాళ్లకి ఇది మింగుడుపడదు. ఆడవాళ్లలో గమనించాల్సింది జరిగినదాన్నే తవ్వుకుంటూ కుమిలిపోవడం.

ఇక ఒంటి లెక్క. 40 శాతం మందు 60 మి.లీ. అంటే సుమారు 19 గ్రాముల ఆల్కహాల్. ఇద్దరూ 60 కిలోలే ఉండి చెరో 28 గ్రాములు (ఆ మందే సుమారు 90 మి.లీ.) తాగితే, అంచనాగా మగవాళ్లకి 0.07 శాతం, ఆడవాళ్లకి 0.085 శాతం రక్తంలో చేరుతుంది. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కదా.

తెల్లకాగితం: డైరీ ఇలా: గ్లాసులో పోసుకోకముందే టైము, మూడ్‌కి 0 నుంచి 10 మధ్య అంకె, దాని పేరు (కోపం, బెంగ, ఒంటరితనం, విసుగు), ఎదురుగా ఎవరున్నారు, కడుపులో ఏముంది. తర్వాత ఎన్ని మి.లీ., ఎంత శాతం. మర్నాడు పొద్దున మళ్లీ అంకె. కనీసం రెండు వారాలు. తాగని రోజులూ రాయాలి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు.

చుక్కలలెక్క: మర్నాడు ఒకేసారి కూర్చుని రాసేస్తే కాదా?

తెల్లకాగితం: ఎక్కువమంది డైరీ చెడేది అక్కడేనండీ. హ్యాంగోవర్ దిగులంతా నిన్నటి సాయంత్రానికి అంటగడతారు. రెండో పొరపాటు, ప్రతి రోజూ "బాధ" అని రాసి వదిలేయడం. కోపానికి చేసే ఉపాయం ఒంటరితనానికి పనికిరాదు. మూడోది, చేత్తో పోసిన దాన్ని "ఒక పెగ్గు" అనడం. కొలత గ్లాసు పెట్టుకుంటే ఆ పెగ్గు ఎంత పెద్దదో తెలుస్తుంది.

నిద్రగన్నేరు: నిద్ర కాలమ్ మర్చిపోయారు. మత్తు దిగేకొద్దీ నరాలు ఎదురుతిరిగి, రాత్రి రెండో సగంలో మెలకువ, గుండెదడ, బెంగ వస్తాయి. మర్నాటి "నెగెటివ్ మూడ్" చాలాసార్లు ఇదే. దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ తాగితే చక్రం మొదలు. మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో దిగులు చాలావరకు తగ్గితే తాగుడే కారణమని అనుమానించాలి. తగ్గకపోతే డిప్రెషన్‌కి విడిగా చికిత్స కావాలి.

గాజుగ్లాసు: రోజూ బాగా తాగేవాళ్లు ఈ పరీక్ష ఇంట్లో సొంతంగా చేయకూడదు. ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పడం కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో, థయమిన్ (విటమిన్ బి1) ఇస్తూ ఆపించాలి.

చుక్కలలెక్క: సరేనండీ. నిద్ర, కడుపు కాలమ్‌లు కలిపి పట్టిక గీస్తాను. ఆడవాళ్ల పట్టికలో నెలసరి తేదీ కూడా పెట్టనా?

నిద్రగన్నేరు: పెట్టండి. మూడ్‌కీ నిద్రకీ రెండింటికీ అది అడ్డొస్తుంది.