గూడబాతు, నీళ్ళలో దాని ప్రతిబింబం: ఫొటో చూసి చెప్పండి

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో పొద్దున్నే తీశాను. 400 ఎంఎం లెన్స్, షట్టర్ స్పీడ్ 1/1000 సెకను, అపర్చర్ ఎఫ్/5.6. ప్రతిబింబం మొత్తం ఉంచాలా, లేక పక్షి ఒక్కటే కనిపించేలా క్రాప్ చేయాలా? వీపు మీద ఈకలు మరీ తెల్లగా తేలిపోయాయనిపిస్తోంది.

జవాబు: క్రాప్ వద్దండి! ఆ పొడవాటి ముక్కు నీళ్ళలో కూడా కొసదాకా కనిపించడమే ఈ ఫొటోకి ప్రాణం, ఈసారి కింద ఇంకాస్త చోటు వదలండి. వెనక నీళ్ళు నల్లగా, పక్షి తెల్లగా ఉన్నప్పుడు కెమెరా వెలుతురు ఎక్కువ లాగేస్తుంది, ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టి చూడండి.

జవాబు: పోలరైజర్ (నీళ్ళ మీద మెరుపు తగ్గించే ఫిల్టర్) వాడారా? అది తిప్పేదాన్నిబట్టి ప్రతిబింబాన్నే మింగేస్తుంది.

అవునన్నా, లెన్స్‌కి అదే ఉంది. తీసేస్తా.

జవాబు: గాలి లేవకముందే వెళ్ళండి, కెమెరా బాగా కిందికి దించండి. కన్ను మాత్రం చాలా షార్ప్‌గా వచ్చింది.