బీఎడ్ ట్రైనీలు ఒకరికొకరు మార్కులు వేస్తే అందరికీ తొమ్మిదే! మీ దగ్గరెలా?

కోరమంగళ_గోదారి: బెంగళూరులో బీఎడ్ వాళ్ల మైక్రో టీచింగ్ (తోటి ట్రైనీల ముందు కొద్ది నిమిషాల పాఠం చెప్పి చేసే ప్రాక్టీస్) చూస్తుంటాను. సగం మంది అనంతపురం, చిత్తూరు పిల్లలే. నిన్న ఒకమ్మాయి పాఠానికి తోటివాళ్లు నింపిన పన్నెండు షీట్లు తీస్తే, అన్నింట్లో పదికి తొమ్మిది. కింద 'గుడ్, వాయిస్ పెంచాలి'. ఆమె గొంతు వరండా దాకా వినిపించింది మహాప్రభో! రేపు తమ పాఠానికి వేసేదీ ఆమే కదా, ఎవరు తగ్గిస్తారు?

నల్లబల్ల: ముందు మార్కుల గడి కొట్టేయండి మేడం. లెక్కపెట్టమనండి చాలు. ఒకరు ప్రశ్నలు లెక్కపెట్టాలి, ఇంకొకరు పిల్లలు తప్పు చెప్పినప్పుడు టీచర్ ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయాలి. మా దగ్గర ఒకతను ఆరు నిమిషాల్లో 'అర్థమైందా' అని 23 సార్లు అన్నాడు. గీతలు గీసిన కాయితం చేతిలో పెడితే తనే నవ్వేశాడు. రీటీచ్‌లో, అంటే అదే పాఠం దిద్దుకుని మళ్లీ చెప్పినప్పుడు, నాలుగే.

మారతహళ్ళి మాస్టారు: మీకు రీటీచ్ జరుగుతోంది, అదృష్టవంతులు. ఎన్‌సీఈఆర్‌టీ మైక్రో టీచింగ్ సైకిల్ 36 నిమిషాలు: పాఠం 6, ఫీడ్‌బ్యాక్ 6, రీప్లాన్ 12, రీటీచ్ 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్ 6. మా కాలేజీలో రీటీచ్ రికార్డు పుస్తకంలోనే జరుగుతుంది. దిద్దుకునే అవకాశమే లేనప్పుడు తప్పు చెప్పి చెడ్డవడం దేనికని పిల్లలు భజన చేస్తారు.

సెకండియర్_సీమ: నేను ట్రైనీని. ఒకసారి నిజం రాశాను. ఒకమ్మాయి కిరణజన్య సంయోగక్రియ బొమ్మలో కార్బన్ డయాక్సైడ్ బాణం ఆకులోంచి బయటికి వేసింది, అదే రాశా. ఆ షీటు నేరుగా మేడం ఫైల్లోకి వెళ్లింది. మూడు రోజులు మెస్‌లో నా పక్కన కూర్చోలేదు. షీటు ముందు పాఠం చెప్పినవాళ్లకే ఇవ్వండి, ఇంటర్నల్స్‌తో ముడిపెట్టకండి.

కోరమంగళ_గోదారి: ఈ మాట నాకు తట్టనే లేదమ్మా. నేనూ ఫైల్లోనే పెడుతున్నా.

నల్లబల్ల: ఇంకోటి. మొదట్లోనే ఎవరిదో పాత పాఠం వీడియో వేసి, విడివిడిగా మార్కులు వేయించండి. అదే పాఠానికి ఒకరు 4, ఇంకొకరు 9 వేస్తారు. ఎందుకేశావో చెప్పమంటే గంటసేపు కొట్టుకుంటారు. మీరు మధ్యలో వేలు పెట్టకండి. ఈ వాదన వీళ్లకి ఎలాగూ కావాలి, 2020 విద్యా విధానం చెప్పిన ప్రోగ్రెస్ కార్డులో తోటి పిల్లల మూల్యాంకనం కూడా ఉంది. రేపు బడిలో నేర్పాల్సింది వీళ్లే.

మారతహళ్ళి మాస్టారు: వీడియోలో ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. నాకు అనుభవమైంది.

కోరమంగళ_గోదారి: అయితే నా పాఠమే వేస్తాను. సోమవారం చూద్దాం, నాకెన్ని వస్తాయో.